నల్లగొండలో కార్ డీటెయిలింగ్: ఉన్న ఒక్క ఫోనుతో షాపు నడపడం

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: హైదరాబాద్‌లో ఒక డీటెయిలింగ్ (కారును లోపలా బయటా లోతుగా శుభ్రం చేసి మెరుగుపెట్టే) షాపులో పని నేర్చుకున్నావు, ఇప్పుడు నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు చిన్న షెడ్డు అద్దెకు తీసుకున్నావు. చేతిలో ఒక ఆండ్రాయిడ్ ఫోను ఉంది, కంప్యూటర్ లేదు. బుకింగులకు, బిల్లులకు ఏ యాప్‌లు కొనాలి, వెబ్‌సైటు చేయించాలా, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు నెలకు ఎంత పెట్టాలి అని అడిగావు. నేను మహబూబ్‌నగర్‌లో ఇదే పనిలో ఉన్నాను. మామూలు వాటర్ వాషింగ్‌తో మొదలై పాలిషింగ్, పెయింట్ మీద రక్షణ పొర వేసే సెరామిక్ కోటింగ్ దాకా వచ్చినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. కొనాల్సిన యాప్ ఒక్కటీ లేదు. పైగా నువ్వు అడిగిన వరుస తలకిందులుగా ఉంది. ప్రచారం చివరన ఆలోచించాల్సిన సంగతి. మన ఊళ్లలో ఇలాంటి షాపును ముంచేది కస్టమర్లు రాకపోవడం కంటే వచ్చిన కస్టమరుతో పడే గొడవ. "ఈ గీత నా కారుకు లేదు, వీళ్లే పెట్టారు" అన్న మాట టీ కొట్టు దాకా వెళ్లిందంటే ఏ ప్రకటనతోనూ దాన్ని వెనక్కి తేలేవు. అందుకే ఫోనును ముందు సాక్షిగా, తర్వాత పద్దుపుస్తకంగా వాడడం నేర్చుకో.

కారు షెడ్డులోకి రాగానే, చుక్క నీరు పడకముందే, కస్టమరు పక్కనే ఉండగా చుట్టూ తిరిగి వీడియో తియ్యి. డ్రైవరు తలుపు దగ్గర మొదలుపెట్టి బానెట్ మీదుగా చుట్టి మళ్లీ అక్కడికే రా. ప్రతి కారుకూ అదే వరుస పాటిస్తే ఏ భాగమూ తప్పిపోదు. పేచీలు ఎక్కువగా వచ్చేది బంపర్ మూలల దగ్గర, అలాయ్ చక్రాల అంచుల దగ్గర, తలుపు పిడి వెనక పడే గోళ్ల గీతల దగ్గర. టిప్పర్ల వెనక రోజూ హైదరాబాద్ వెళ్లివచ్చే కారైతే బానెట్ ముందు అంచున రాళ్లు తగిలి చిన్న చిన్న పెచ్చులు లేచి ఉంటాయి. దుమ్ము ఉన్నంతసేపు అవి ఎవరికీ కనిపించవు. నువ్వు శుభ్రంగా కడిగాక ఒక్కసారిగా కనిపిస్తాయి, నేరం నీ మీదికి వస్తుంది. వీడియో తీస్తూ నోటితో కూడా చెప్పు: "ఎడమ వెనక తలుపు మీద పాత గీత, గోరుకు తగులుతోంది, పాలిష్‌తో పూర్తిగా పోదు" అని. ఆ మాట కస్టమరు వింటాడు, ఫోనూ వింటుంది. తర్వాత లోపల కూర్చుని ఇంజిన్ ఆన్ చేసి కిలోమీటర్ల రీడింగు, వెలిగి ఉన్న హెచ్చరిక దీపాలు, ఏసీ, నాలుగు అద్దాలు పైకీ కిందికీ కదలడం తీసుకో. గ్లవ్ బాక్సు, డిక్కీ ఆయన చేతనే తెరిపించు. డబ్బు, నగలు, భూమి కాగితాలు ఉంటే అప్పుడే తీసి ఇచ్చెయ్యి. రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి డిక్కీలో పాసుపుస్తకాలు వదిలేసే వాళ్లు మనవైపు తక్కువేమీ కాదు.

ఆ వీడియోను పని మొదలుపెట్టకముందే కస్టమరుకు వాట్సాప్‌లో పంపు. "చూశాను, సరే" అని జవాబు వచ్చాకే పైపు అందుకో. పంపిన సమయం అక్కడే నమోదవుతుంది కాబట్టి తర్వాత తేదీల గురించి వాదన ఉండదు. కొందరు ముఖం చిట్లిస్తారు, "నమ్మకం లేదా?" అంటారు. "మీ కారు మా చేతికి ఎలా ఇచ్చారో అలాగే, ఇంకా మెరుగ్గా తిరిగి ఇవ్వడానికే అన్నా" అని చెప్పు. రెండోసారి వచ్చేటప్పుడు వాళ్లే "వీడియో తీయలేదేం?" అని అడుగుతారు.

సన్నని గీతల గురించి విడిగా చెప్పాలి. షెడ్డులో ట్యూబులైటు వెలుతురు అంతటా పరుచుకుని వాటిని దాచేస్తుంది. టార్చి వెలుతురు ఒక్క బిందువు నుంచి వస్తుంది కాబట్టి దాని చుట్టూ గీతలు వలయాలుగా బయటపడతాయి. తుడుపుగుడ్డలూ ధూళీ కలిసి పెట్టిన ఆ గీతలనే మనం స్విర్ల్స్ అంటాం. నీ దగ్గర ఉన్న కుర్రాడి ఫోను టార్చిని ప్యానెల్‌కు ఒక అడుగు దూరంలో పట్టించి, నువ్వు కొంచెం పక్కనుంచి ఫోటో తియ్యి. నీ ఫోను ఫ్లాష్‌నే నమ్ముకుంటే తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు. పెయింట్ మందం కొలిచే మీటరు ఉంటే దాని రీడింగును ప్యానెల్ మీద ఆనించి ఉండగానే ఫోటో తీసుకో. కంపెనీ నుంచి వచ్చిన పెయింట్ మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, అందులో పైపొర అయిన క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లే. కాంపౌండ్‌తో, అంటే గీతలు తీసే గరుకు పాలిష్‌తో, నువ్వు అరగదీసేది ఆ పైపొరనే. ఒక తలుపు 110 చూపించి పక్క తలుపు 250 చూపిస్తే అది మళ్లీ పెయింట్ పడిన తలుపు. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటరు పనిచేయదని కూడా గుర్తుంచుకో. "ఒక్క దెబ్బా తగలని బండి" అని నమ్మి సెకండ్ హ్యాండ్‌లో కొన్న మనిషికి ఈ ఫోటో చేదుగా ఉంటుంది. పక్కకు తీసుకెళ్లి నెమ్మదిగా చెప్పు, నలుగురి ముందు చెప్పకు.

ఇక పద్దు. ఫోనులో కస్టమరును పేరుతో దాచవద్దు. మన దగ్గర ఒకే పేరు పది మందికి ఉంటుంది, ఇంటిపేరు ఎవరూ చెప్పరు. నంబరు ప్లేటులోని చివరి నాలుగు అంకెలు, కారు రంగు, మోడల్, ఊరు, ఈ వరుసలో రాయి. "తెల్ల స్విఫ్ట్ నకిరేకల్" అని ముందు నాలుగు అంకెలతో దాచుకున్నావంటే ఫోను మోగగానే ఏ కారో తెలిసిపోతుంది, మనిషి పొంగిపోతాడు. నాలుగు అంకెలు మళ్లీ మళ్లీ రావచ్చు కాబట్టి జిల్లా కోడ్ కూడా చేర్చు. పాత కార్లకు ఏపీ 24 ఉంటుంది. రాష్ట్రం వచ్చాక నల్లగొండకు టీఎస్ 05 వచ్చింది. 2016లో జిల్లాలు విడిపోయాక సూర్యాపేటకు 29, యాదాద్రి భువనగిరికి 30 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త కార్లకు టీఎస్ బదులు టీజీ పడుతోంది. నీ షెడ్డుకు వీటన్నిటితోనూ కార్లు వస్తాయి.

పని వివరాలకు గూగుల్ షీట్స్ చాలు. నెట్ లేకపోయినా తెరుచుకునేలా ముందే ఆఫ్‌లైన్‌లో పెట్టుకో. ఒక్కో కారుకు ఒక్కో వరుస: తేదీ, నంబరు, చేసిన పని, వాడిన రసాయనం, ఏ పాలిష్ ప్యాడ్, తీసుకున్న డబ్బు, బాకీ, మళ్లీ రావాల్సిన నెల. చివరన వ్యాఖ్యకు ఒక గడి ఉంచు, అసలు సరుకు అక్కడే ఉంటుంది. "వేప చెట్టు కింద పెడతారు", "పిల్లవాడు వాంతి చేసుకున్నాడు, వెనక సీటు ఎడమ", "బానెట్ 85 మైక్రాన్లు, ఇక కాంపౌండ్ వద్దు" లాంటివి. రెండేళ్ల తర్వాత అదే కారు వస్తే ఈ చివరి మాట ఒక బానెట్‌ను కాపాడుతుంది. చేతులు తడిగా ఉంటే కీబోర్డులోని మైకు నొక్కి తెలుగులోనే చెప్పు, అదే రాసుకుంటుంది. ఊళ్ల పేర్లలో తప్పులు వస్తాయి, సాయంత్రం దిద్దుకో. నెలనెలా డబ్బు కట్టే గ్యారేజి సాఫ్ట్‌వేర్ గురించి ఇద్దరు ముగ్గురు పనివాళ్లను పెట్టుకున్నాక ఆలోచించవచ్చు. ఇప్పుడు అది దండగ.

షాపుకు వేరే సిమ్ తీసుకుని దాని మీద వాట్సాప్ బిజినెస్ పెట్టు. అది ఉచితం, సొంత వాట్సాప్‌తో పాటు అదే ఫోనులో నడుస్తుంది. ఇందులో నీకు నిజంగా పనికొచ్చేది ముందే రాసిపెట్టుకునే జవాబుల సదుపాయం. ఎందుకంటే రోజుకు వచ్చే సందేశాల్లో సగం "అన్నా, సెరామిక్‌కు ఎంత?" అన్న ఒక్క ముక్కే. దానికి ఒక్క అంకెతో జవాబు ఇచ్చావా, ఆ మనిషి ఆ అంకెను పట్టుకుని ఇంకో నాలుగు షాపులు తిరుగుతాడు. కారు చూడకుండా చెప్పిన ధర నీకైనా నష్టం, ఆయనకైనా నష్టం. నా సిద్ధం చేసిన జవాబు ఇలా ఉంటుంది: నమస్కారం, నాలుగు ఫోటోలు పంపండి, ఎండలో బానెట్, పైకప్పు, డ్రైవరు సీటు, డిక్కీ లోపల. కారు ఏ సంవత్సరానిది, రోజూ ఎక్కడ పెడతారు, ఇంట్లో ఏ నీళ్లతో కడుగుతారు? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులతో పని ఎంతసేపు పడుతుందో చాలావరకు తేలిపోతుంది. ఫోటోలు పంపేంత ఓపిక ఉన్నవాడే కారు తెచ్చేవాడు కూడా. ఆ తర్వాత కూడా ఒక అంకె కాకుండా "ఇంత నుంచి ఇంత మధ్య, కారు చూశాక ఖరారు" అని పంపు. కడగడానికి, లోపలి శుభ్రానికి మాత్రం చిన్న కారు, పెద్ద కారు, ఏడు సీట్ల కారు అని స్థిరమైన ధరలు కేటలాగులో పెట్టెయ్యి. అక్కడ దాపరికం అక్కర్లేదు.

వాట్సాప్ బిజినెస్‌లోని లేబుళ్ల రంగులు కూడా వాడుకో: ఫోటోలు అడిగినవి, తేదీ ఇచ్చినవి, పని నడుస్తున్నవి, బాకీ ఉన్నవి. బాకీ లేబుల్‌ను ప్రతి శనివారం తెరిచి చూడు. పరిచయస్తులకు చేసిన పని డబ్బు అడగడానికి మొహమాటపడతాం కదా, లేబుల్‌కు ఆ మొహమాటం లేదు.

నీళ్ల సంగతి అడగమన్నాను, కారణం చెబుతాను. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. కానీ నల్ల కారు మీద తెల్లటి చుక్కలు పెట్టేది ఫ్లోరైడ్ కాదు, బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీరు ఆవిరైపోతుంది, లవణం పెయింట్ మీద మిగిలిపోతుంది. మన ఎండకాలంలో 45 డిగ్రీల ఎండలో ఇనుము కాలుతూ ఉంటే తుడవకముందే ఆరిపోయి గట్టిపడుతుంది. కొన్నాళ్లు వదిలేస్తే పైపొరలోకి కొరికేస్తుంది, అప్పుడు పాలిష్ తప్ప దారి లేదు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే, పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు చవకగా దొరుకుతుంది. నీ బోరు నీటిని నెలకోసారి కొలిచి షీట్‌లో రాసిపెట్టు. తాగే నీటికే భారత ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు కోరదగిన హద్దు అంటుంది, వేరే నీరు దొరకనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. కారు చివరి కడుగుకు అంత కూడా ఎక్కువే. చివరి రెండు బకెట్లు ఆర్వో నీళ్లు వాడి వెంటనే తుడిచేస్తే చాలా మరకలు పుట్టవు. బోరు అడుగంటేకొద్దీ అంకె మారుతుంది. ఏప్రిల్‌లో మరకల ఫిర్యాదులు పెరిగితే నీ షీట్‌లోనే కారణం కనబడుతుంది. ఇంటి దగ్గరికి వెళ్లి కడిగే పని ఒప్పుకుంటే వాళ్ల ట్యాంకు నీటిని ముందు కొలిచి, మీటరు ఫోటో కూడా ఆ కారు వివరాలతో కలిపి పెట్టు.

ఇదే పద్ధతిలో ఊరిని బట్టి దుమ్ము కూడా రాసుకో. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే కార్ల మీద రైసుమిల్లుల ఊక ధూళి, బూడిద ఉంటాయి, ఎక్కువ నీళ్లతో పోతాయి. హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర నిలిపే కారు వేరే కథ. సిమెంటు ధూళి మంచుకు తడిసి గట్టిపడిందంటే షాంపూతో రాదు, గుడ్డతో రుద్దితే ఇసుక కాగితం పెట్టినట్టే. పలుచని ఆమ్లగుణం ఉన్న క్లీనరుతో ముందు మెత్తబరచాలి. కాబట్టి బుకింగులో ఊరు పేరు కనబడగానే ఎంత సమయం ఉంచాలో తెలియాలి. నకిరేకల్ కారుకు రెండు గంటలు పెట్టినచోట సిమెంటు పట్టిన కారుకు సగం రోజు పెట్టు.

సమయం కోసం గూగుల్ క్యాలెండర్. రెండు కార్ల మధ్య అర గంట ఖాళీ వదులు. కోటింగ్ వేసిన కారు రాత్రి అక్కడే ఉంటుందని కూడా అందులోనే నింపు. కోటింగ్ కారుకు మూడు గుర్తుచేసే నోట్లు ఒకేసారి పెట్టెయ్యి: వారం తర్వాత, అంటే మొదటి కడుగు ఎప్పుడు చేయవచ్చో చెప్పడానికి, నెల తర్వాత ఎలా ఉందో చూడడానికి, ఆరు నెలలకు పరీక్షకు. వర్షాకాలంలో కోటింగ్ తేదీ ఇచ్చే ముందు వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్ చూడు. నీ షెడ్డుకు మూడు వైపులే రేకులుంటే ఈదురుగాలి తుంపరలు తాజా కోటింగ్ మీద పడతాయి.

పండుగలూ మాసాలూ ఆ క్యాలెండర్‌లో ముందే రాసుకో. మన వ్యాపారానికి ఆర్థిక సంవత్సరం కంటే పంచాంగం ఎక్కువ పనిచేస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, కొత్త కారు కొనేవాళ్లు తక్కువ. ఆ నెలను యంత్రాల మరమ్మతుకు, పాత కస్టమర్లకు లోపలి శుభ్రం చేయడానికి ఉంచుకో. శ్రావణం నుంచి పెళ్లి కార్లు మొదలవుతాయి, పూలు అంటించిన టేపు జిగురు తీయడమే ఒక పని. దసరాకు వారం ముందు నిలబడే చోటు కూడా ఉండదు. అందరూ ఆయుధ పూజ ముందు రోజే కావాలంటారు, కాబట్టి పది పదిహేను రోజుల ముందే పాత కస్టమర్లకు సందేశం పంపి, ముందుగా రాగలిగేవాళ్లకు చిన్న తగ్గింపు ఇచ్చి రద్దీని చీల్చు. పండుగ ముందు సాయంత్రం ఇంకో సందేశం: పసుపు కుంకుమ బొట్లు అద్దం మీద పెట్టండి, పెయింట్ మీద, రబ్బరు మీద, సీటు గుడ్డ మీద వద్దు, కొబ్బరి నీళ్లు బానెట్ మీద పడితే వెంటనే కడగండి. దీనికి నువ్వేమీ అమ్మడం లేదు. అందుకే జనం దాన్ని చుట్టాలందరికీ పంపుతారు, కింద నీ షాపు పేరు ఉంటుంది. పసుపు మరక పడిన తెల్ల కారు వస్తే కంగారుపడి కాంపౌండ్ ఎత్తుకోకు. కడిగి ఎండలో పెట్టు, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది.

ఒకేసారి చాలామందికి పంపేందుకు వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా ఉంది, ఒక్కో జాబితాలో 256 మంది వరకు పడతారు. కానీ నీ నంబరును వాళ్ల ఫోనులో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. ఎక్కడినుంచో నంబర్లు కొని వందలమందికి పంపితే ఫిర్యాదులు పడి నీ నంబరే ఆగిపోతుంది, దానితో పాటు నీ సాక్ష్యాలన్నీ చిక్కుల్లో పడతాయి. కారు అప్పగించేటప్పుడే "నంబరు దాచుకోండి, వారం తర్వాత కడగడం ఎలాగో పంపుతాను" అని అడుగు.

డబ్బు విషయం. యూపీఐ క్యూఆర్‌ను సొంత ఖాతాకు కాకుండా షాపు కోసం తెరిచిన ఖాతాకు పెట్టుకో, ఇంటి ఖర్చులు కలిసిపోతే నెలాఖరున ఏం మిగిలిందో తెలియదు. కస్టమరు ఫోనులో పచ్చటి టిక్కు చూసి తాళం ఇవ్వవద్దు. అలాంటి తెర చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి, స్క్రీన్‌షాట్ అంతకంటే సులువు. నీ యాప్‌లో కనబడాలి, లేదా సౌండు పెట్టె పలకాలి. గోడ మీది క్యూఆర్‌ను పొద్దున ఒకసారి నీ ఫోనుతోనే స్కాన్ చేసి నీ పేరే వస్తోందా చూడు, పైన ఇంకొకరి స్టిక్కరు అంటించి పోయే మోసం ఉంది. మన రంగానికి ప్రత్యేకంగా ఒకటి వస్తుంది: "ఆర్మీ ఆఫీసర్ని, నాలుగు కార్లు చేయించాలి, అడ్వాన్సు పంపుతాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని హిందీలో ఫోను. డబ్బు రావడానికి ఎప్పుడూ పిన్ అక్కర్లేదు. చలానా వచ్చిందంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (తెరిస్తే ఫోనులో యాప్ ఎక్కించేది) కూడా అంతే ప్రమాదం, కార్ల షాపు కాబట్టి నీ కుర్రాడు నిజమనుకుని తెరిచేస్తాడు, ముందే చెప్పి ఉంచు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యి.

పన్నుల గురించి క్లుప్తంగా. సేవలకు ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. నమోదు లేకుండా బిల్లులో జీఎస్టీ వేసి వసూలు చేయడం మాత్రం నేరం, ఎవరో వేస్తున్నారని నువ్వు వేయకు. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు. షాంపూ, ప్యాడ్లు కొన్న ప్రతి బిల్లునూ ఆ రోజే ఫోటో తీసి నెలవారీ ఫోల్డరులో వెయ్యి. ఆ కాగితాలు తడి చేతులకు బతకవు.

పని చూపించే ఫోటోలకు ఒక నియమం పెట్టుకో: ముందు, తర్వాత ఫోటోలు రెండూ ఒకే చోట, ఒకే వెలుతురులో, ఒకే కోణంలో. ముందు ఫోటో చీకట్లో, తర్వాత ఫోటో ఎండలో తీసేవాళ్లను జనం ఇట్టే పసిగడతారు. తడిగా ఉన్న పెయింట్ మీద గీతలు కనిపించవు, పాలిష్ నూనెలు కూడా వాటిని నింపి దాచేస్తాయి. అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ద్రావణంతో ప్యానెల్ తుడిచాకే తర్వాత ఫోటో తియ్యి. లెన్సును మైక్రోఫైబరుతో తుడుచుకో, మన చేతుల జిడ్డు ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. నల్ల కారైతే ఫోను దాన్ని బూడిద రంగుకు తెస్తుంది, తెర మీద కారును తాకి వెలుతురు గుర్తును కిందికి లాగు. బ్యూటీ, ఫిల్టర్లు వద్దే వద్దు. నంబరు ప్లేటు కప్పి, యజమాని ఒప్పుకున్నాకే స్టేటస్‌లో పెట్టు, ఆయన ఆ రోజు ఎక్కడున్నాడో ఊరందరికీ తెలియాల్సిన పని లేదు. "జీవితకాలం గ్యారంటీ", "వజ్రం లాంటి 9హెచ్" అని రాయకు. ఆ 9హెచ్ పెన్సిల్ గీత పరీక్షలో వచ్చే కొలత మాత్రమే, రాయి తగిలితే కోటింగూ పోతుంది.

రీల్స్ చూసి పని నేర్చుకోవద్దు, నేర్పించవద్దు. హెడ్‌లైటుకు టూత్‌పేస్టు, టైర్లకు డీజిల్ లాంటివన్నీ చూసేవాళ్ల కోసమే, కారు కోసం కాదు. దానికి బదులు కెమెరాతో కొత్త రసాయనం డబ్బా వెనక అక్షరాలు చూపిస్తే గూగుల్ లెన్స్ తెలుగులోకి మార్చి చూపిస్తుంది. కలపాల్సిన నిష్పత్తి, చేతితొడుగులు కావాలా అన్నది నీ కుర్రాడితో చదివించు. చక్రాలు కడిగే చవక ద్రవాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం లేదా అమోనియం బైఫ్లోరైడ్ అని కనబడితే ఎంత చవకైనా షెడ్డులోకి రానివ్వకు, చర్మం లోంచి ఎముక దాకా పోయే విషం అది. పేరే లేని డబ్బా అసలే వద్దు.

ఫోనునూ కారు నుంచి కాపాడుకో, కారునూ ఫోను నుంచి. బానెట్ మీద, పైకప్పు మీద ఫోను పెట్టడం ఎవరు చేసినా ఊరుకోకు, అంచుకు ఇసుక రేణువు ఉంటే చాలు. ముందు జేబులోనూ వద్దు, వంగినప్పుడు తగులుతుంది. వీడియోలు పేరుకుపోయి ఫోను నిండుతుంది. మంచి నాణ్యత వీడియో నిమిషానికి 100 ఎంబీకి అటూ ఇటూ తింటుంది, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిలూ, ఫోటోలూ, వాట్సాప్ బ్యాకప్పూ ఇమడాలి. కారు వచ్చినప్పటి వీడియో 720 నాణ్యతలో తీస్తే చాలు, గీతలకు విడిగా ఫోటోలు ఉన్నాయి కదా. మామూలు కడుగు వీడియోలు మూడు నెలలకు తీసెయ్యి, పాలిష్, కోటింగ్ చేసినవి గ్యారంటీ మాట ఉన్నంతకాలం ఒక పెన్‌డ్రైవ్‌లో దాచు.

ఇవన్నీ కుదురుకున్నాక గూగుల్ మ్యాప్స్‌లో షాపును నమోదు చెయ్యి, అదీ ఉచితమే. నిర్ధారణకు సాధారణంగా వీడియో అడుగుతుంది: వీధి, బోర్డు, షెడ్డు తాళం నువ్వే తీయడం, లోపలి యంత్రాలు ఒకే వీడియోలో చూపించు. పేరు బోర్డు మీద ఉన్నదే పెట్టు, దాని పక్కన ఊరి పేరూ "బెస్ట్" లాంటి మాటలూ తగిలిస్తే నమోదు ఆపేయవచ్చు. క్లాక్ టవర్ వైపు నుంచి వచ్చేవాడికి మలుపు తెలిసేలా రోడ్డు మీది నుంచి తీసిన ఫోటో తప్పక పెట్టు. మంచి మాట రాయమని కారు ఇచ్చేటప్పుడు అడగవచ్చు, దానికి తగ్గింపు ఆశ చూపడం గూగుల్ నియమాలకు విరుద్ధం. ఎవరైనా కోపంగా రాస్తే రెండు వాక్యాల్లో మర్యాదగా జవాబివ్వు, "మీరు కారు ఇచ్చినప్పటి వీడియో మీ వాట్సాప్‌లో ఉంది, షాపుకు రండి, కలిసి చూద్దాం" అని. చదివే మూడో మనిషికి అది చాలు. "మీ నమోదు తీసేస్తున్నాం, డబ్బు కట్టండి" అని ఫోను చేసేవాళ్లు గూగుల్ వాళ్లు కారు.

వెబ్‌సైటు ఇప్పుడు వద్దు. మన దగ్గర కారు ఉన్న మనిషి మ్యాప్స్‌లో చూస్తాడు, లేదా బావమరిదిని అడుగుతాడు. ఇన్‌స్టాగ్రామ్‌కు డబ్బు పెట్టాలనే ఉంటే దసరాకు ముందు రెండు వారాలు, నల్లగొండ చుట్టూ పాతిక కిలోమీటర్ల లోపు మాత్రమే పెట్టు. అయితే దానికంటే ముందు ఆ డబ్బుతో పెయింట్ మందం మీటరు కొను. అది చేతికి వచ్చేదాకా పాత కార్లకు కాంపౌండింగ్ ఒప్పుకోవద్దు.